పాడుకోవడానికి ఘంటసాల

మన బ్యాచ్‌లో ఎవరినడిగినా ఘంటసాల అంటే రెండే విషయాలు చెప్తారు. ఒకటి, చావు జరిగిన ఇంటి ముందు మైకులో మోగే భగవద్గీత. రెండు, ఆదివారం మధ్యాహ్నం టీవీలో వచ్చే నలుపు తెలుపు సినిమా. నాకు ఈ రెండూ కాక ఇంకోటి ఉంది. నా ల్యాప్‌టాప్‌లో ఆయన పేరుతో ఒక ఫోల్డర్. అందులో ఆయన పాటలు 22 ఉన్నాయి, కానీ ఏ ఒక్కదాంట్లోనూ ఆయన గొంతు లేదు. తీసేసింది నేనే. ఆ పని చేస్తూ చేస్తూ ఆయన జీవితం గురించి దొరికినంత చదివాను. అందుకే మన క్లబ్ వాళ్లు ఈ సంచికకి పాతకాలం కళాకారుల్లో ఒకరి గురించి రాయమనగానే ఇంకో పేరు ఆలోచించలేదు.

ముందు ఆ ఫోల్డర్ ఎందుకో చెప్పాలి. మాది సిద్దిపేట దగ్గర చింతమడక. కేసీఆర్ పుట్టిన ఊరు అంటే అందరికీ తెలుస్తుంది. మా ఊళ్లో మా చిన్నాయిన, ఆయన దోస్తులు కలిపి ఏడుగురు. అందరూ నలభై అయిదు దాటి యాభై అయిదు లోపు వాళ్లే. ఒకాయన ట్రాక్టర్ నడుపుతాడు, ఒకాయన బడిలో సార్, ఒకాయన చాలా ఏళ్లు దుబాయ్‌లో పనిచేసి వచ్చాడు. పోయినేడాది మా తమ్ముడు, అంటే చిన్నాయిన కొడుకు, ఒక బ్లూటూత్ కరోకే మైక్ కొనిచ్చాడు. అప్పటినుంచి పొలం పని ఎక్కువ లేని రోజుల్లో, పొద్దుగూకినంక మా వాకిట్లో చేరి పాడటం మొదలుపెట్టారు. వాళ్లు నన్ను అడిగింది ఒక్కటే. తమకు తెలిసిన పాటలు, గొంతు పట్టేయకుండా పాడగలిగేవి, ఏరి పెట్టమని.

పేర్లు రాసివ్వమంటే ఏడుగురూ రాసిచ్చిన వాటిలో సగానికి పైగా ఘంటసాల పాటలే. వీళ్లెవరూ ఆయన బతికుండగా ఆయన పాట థియేటర్లో విన్నవాళ్లు కాదు. ఆయన పోయినప్పుడు వీళ్లలో పెద్దాయనే నాలుగేళ్ల పిల్లవాడు. మరి ఈ పాటలే ఎందుకు నోటికొస్తున్నాయి? నా ప్రశ్న అక్కడ మొదలైంది.

ఖాళీ ఆర్కెస్ట్రా

కరోకే అనేది జపాన్ మాట. కర అంటే ఖాళీ. ఓకే అంటే ఆర్కెస్ట్రాని పొట్టి చేసి అనడం. పాడేవాడి చోటు ఖాళీగా ఉంచిన వాద్యబృందం అన్నమాట. టోక్యోలో షిగెయిచి నెగిషి 1967లోనే ఇలాంటి పెట్టె ఒకటి చేశాడు. అయితే ఎక్కువగా చెప్పుకునేది కోబే నగరంలోని దైసుకే ఇనోవే గురించి. ఆయన బార్లలో వాయిద్యం వాయించేవాడు. అక్కడ పాడటానికి వచ్చేది గాయకులు కాదు, పని అయిపోయాక వచ్చే వ్యాపారస్తులు, ఉద్యోగులు. వాళ్లు శ్రుతి తప్పినా తాళం జారినా వాళ్ల వెనకే సర్దుకుంటూ వాయించడం ఆయనకు బాగా వచ్చు. అలా వచ్చే ఒక కంపెనీ యజమాని తనతో పాటు ఊరికి వచ్చి వాయించమంటే, వెళ్లడం కుదరక వాయిద్యం మాత్రం టేపు మీద రికార్డు చేసిచ్చాడు. ఆ ఆలోచనతోనే 1971లో నాణెం వేస్తే మోగే మెషీన్లు తయారుచేసి బార్లకు అద్దెకిచ్చాడు. పేటెంట్ తీసుకోలేదు.

అంటే కరోకే మొదటినుంచీ సంగీతం రాని నడివయసు మగవాళ్ల కోసమే ఉంది. జపాన్‌లో ఆ వయసువాళ్లు ఎక్కువగా ఎంకా అనే రకం పాటలు ఎంచుకుంటారు. నిదానంగా సాగే పాటలు, విషయం చూస్తే సొంతూరు, మందు, విడిపోయిన మనిషి. మన దగ్గర ఆ చోటు ఘంటసాలది.

ఇక నా పని. కొత్త పాటల్లోంచి గొంతు తీయడానికి ఒక పాత చిట్కా ఉంది. స్టీరియో రికార్డింగ్‌లో పాడేవాళ్ల గొంతు ఎడమ, కుడి స్పీకర్లలో ఒకేలా ఉంటుంది. ఎడమ దాంట్లోంచి కుడి దాన్ని తీసేస్తే గొంతు చాలావరకు మాయమవుతుంది. ఘంటసాల పాటలకు ఈ చిట్కా పనిచేయదు. 1950ల, 60ల తెలుగు సినిమా పాటలు మోనో. రెండు వైపులా ఒకటే శబ్దం. తీసివేస్తే మిగిలేది సున్నా. అందుకే ఇన్నాళ్లూ ఎవరో కీబోర్డు మీద కొత్తగా వాయించిన ట్రాకులే వాడేవాళ్లు. ఆ వేణువు, ఆ సితారు అందులో ఉండవు. ఇప్పుడు మెషీన్ లెర్నింగ్‌తో గొంతునీ వాయిద్యాలనీ విడదీసే ప్రోగ్రాములు వచ్చాయి. 2019లో డీజర్ అనే ఫ్రెంచ్ మ్యూజిక్ కంపెనీ స్ప్లీటర్‌ని ఓపెన్ సోర్స్‌గా వదిలింది. తర్వాత ఇంకా మంచివి వచ్చాయి. పాట ఇస్తే రెండు ఫైళ్లు వస్తాయి. ఒకటి వాయిద్యాలు, ఇంకోటి ఒట్టి గొంతు.

మాకు కావాల్సింది మొదటిది. రాత్రి హాస్టల్లో సరిగ్గా విడిపోయిందో లేదో చూద్దామని రెండోది కూడా ఇయర్‌ఫోన్స్‌లో విన్నాను. వాయిద్యాలు ఏవీ లేవు. ఒక్క మనిషి. ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నాడో తెలుస్తోంది. ఇంగ్లీష్ మీడియం చదువు నాది, అయినా ఒక్క అక్షరం కూడా అర్థం కాకుండా పోలేదు. ళ వేరుగా, ల వేరుగా, ఒత్తు ఒత్తులా వినిపించింది. ఈ మనిషి ఎక్కడ నేర్చుకున్నాడు అని వెతకడం అప్పుడే మొదలుపెట్టాను.

ఉంగరం, జోలె, పార్కు

ఘంటసాల వెంకటేశ్వరరావు 1922 డిసెంబర్ 4న కృష్ణా జిల్లా గుడివాడ దగ్గర చౌటపల్లిలో పుట్టారు. తండ్రి సూర్యనారాయణ గారు మృదంగం వాయించేవారు, నారాయణతీర్థుల తరంగాలు పాడేవారు. కొడుకుని వెంట తీసుకెళితే, ఆ పిల్లవాడు తరంగాలకు తగ్గట్టు అడుగులేసేవాడట. చూసినవాళ్లు బాల భరతుడు అని పిలిచారు. ఆ తండ్రి కొడుకు చిన్నతనంలోనే పోయారు. పోయేముందు కొడుకుని సంగీతం నేర్చుకోమని అడిగారు. ఆ తర్వాత కుటుంబం మేనమామ చెంత చేరింది. ఇంట్లో డబ్బు లేదు. ఆ పిల్లవాడి దగ్గర ఉన్నది ఆ ఒక్క మాటే.

కొన్నాళ్లు దగ్గర ఊళ్లలో సంగీతం వచ్చినవాళ్ల ఇళ్లలో ఉండి చూశారు. పాట కంటే ఇంటి పని ఎక్కువైంది. చివరికి వేలికున్న ఉంగరం అమ్మి ఆ డబ్బుతో విజయనగరం బయల్దేరారు. అక్కడ మహారాజావారి సంగీత కళాశాల ఉంది. 1919లో మొదలైన ఆ కళాశాలకు మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు, ఆయన తర్వాత వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. ఈ కుర్రవాడు వెళ్లేసరికి సెలవులు. ఉండటానికి చోటు లేదు, తినడానికి లేదు. కొన్నాళ్లు గుడిలో తలదాచుకున్నారు. అప్పుడు పట్రాయని సీతారామశాస్త్రి గారు ఆయన్ని చేరదీసి, డబ్బు అడగకుండా పాఠం చెప్పారు. తిండికి మాత్రం జోలె భుజాన వేసుకుని ఇల్లిల్లూ తిరిగి అన్నం అడుక్కోవాలి. దాన్ని మధూకరం అంటారు. పేద విద్యార్థులకు ఆ రోజుల్లో ఉన్న మెస్ అదే.

హాస్టల్ మెస్‌లో కూర బాగాలేదని గ్రూపులో మీమ్స్ పెట్టే నా వయసులోనే ఆయన పొద్దున్నే జోలె పట్టుకుని వీధుల్లోకి వెళ్లి, వచ్చి సాధనకి కూర్చునేవారు. ఆ గొంతుకి అంత ఊపిరి అక్కడ వచ్చింది.

చదువు పూర్తిచేసి సొంతూరు వచ్చి కచేరీలు చేస్తూ, పెళ్లిళ్లలో ఉత్సవాల్లో పాడుతూ బతుకుతుండగా 1942లో క్విట్ ఇండియా ఉద్యమం వచ్చింది. అందులో చేరి అరెస్టయ్యారు. బళ్లారి దగ్గర అలీపురం జైల్లో దాదాపు ఏడాదిన్నర ఉన్నారు. బయటికొచ్చాక 1944లో సావిత్రి గారితో పెళ్లయింది. అత్తగారి ఊరు పెదపులివర్రు వైపు సముద్రాల రాఘవాచార్య గారు ఈయన పాట విని మద్రాసు రమ్మన్నారు. సముద్రాల గారు అప్పటికే సినిమాల్లో పెద్ద రచయిత.

మద్రాసులో సముద్రాల గారి ఇల్లు చిన్నది. వాళ్లకు భారం కాకూడదని ఘంటసాల పానగల్ పార్కు వాచ్‌మన్‌కి నెలకింత అని ఇచ్చి రాత్రుళ్లు అక్కడే పడుకున్నారు. పగలు అవకాశాల కోసం తిరగడం. రికార్డు కంపెనీ వాళ్లు మొదట ఆ గొంతు పనికిరాదన్నారు. తర్వాత పేకేటి శివరాం గారి చొరవతో అక్కడే రికార్డు ఇచ్చారు. రేడియోలో పాడారు. 1944లో వచ్చిన సీతారామ జననం సినిమాలో కోరస్‌లో ఒకరిగా పాడారు. 1945లో స్వర్గసీమ సినిమాలో భానుమతి గారితో పాడే అవకాశం వచ్చింది. అక్కణ్ణుంచి ఆగలేదు. 1949లో ఎన్టీఆర్ మొదటిసారి తెరమీద కనిపించిన మనదేశం సినిమాకి సంగీతం ఆయనదే. అదే ఏడాది కీలుగుర్రం. 1951లో పాతాళభైరవి. పార్కులో పడుకున్న మనిషి ఏడేళ్లలో తెలుగు సినిమాకి గొంతు అయిపోయాడు.

ఒక్క గొంతు, ఇద్దరు హీరోలు

ఇప్పుడు మా వాకిటి ప్రశ్నకి వద్దాం. ఇంత శాస్త్రీయ సంగీతం నేర్చిన మనిషి పాటని ట్రాక్టర్ నడిపే మా మామ ఎలా పాడగలుగుతున్నాడు?

నాకు అర్థమైనంతలో, ఆయన తనకు వచ్చినదంతా ప్రతి పాటలో చూపించలేదు. అప్పటిదాకా నాటకాల్లో పద్యం అంటే రాగం తీస్తూనే ఉండాలి, ఎంత సేపు సాగదీస్తే అంత చప్పట్లు. ఘంటసాల పద్యంలో రాగం తగ్గించి మాట పెంచారు. ఏ పదం దగ్గర ఆగాలి, ఏ పదాన్ని నొక్కాలి అన్నది చూసుకున్నారు. కరుణశ్రీ జంధ్యాల పాపయ్యశాస్త్రి గారి పుష్పవిలాపం పద్యాలను రికార్డు చేస్తే చదువు రానివాళ్లు కూడా కంఠతా పట్టింది అందుకే. పాటల్లోనూ అంతే. గమకం అవసరమైన చోట మాత్రమే. అర్థం తెలిస్తే పాట సగం వచ్చేసినట్టే.

ఇంకోటి, ఎన్టీఆర్‌కీ ఏఎన్నార్‌కీ ఇద్దరికీ ఆయనే పాడారు. ఎన్టీఆర్‌కి పాడితే గొంతు బరువుగా, నిండుగా. ఏఎన్నార్‌కి పాడితే కాస్త పల్చగా, మెత్తగా. 1962లో వచ్చిన గుండమ్మ కథలో ఇద్దరూ ఉన్నారు, ఇద్దరికీ ఆయన గొంతే, సంగీతం కూడా ఆయనదే. కాబట్టి లావు గొంతువాళ్లకీ సన్న గొంతువాళ్లకీ ఆయన దగ్గర పాట దొరుకుతుంది. మా చిన్నాయిన ఎన్టీఆర్ పార్టీ, దుబాయ్ కాక ఏఎన్నార్ పార్టీ. పాటలు పంచుకోవడంలో గొడవే లేదు.

ఏడాది ట్రాకులు చేశాక నాకు తెలిసినవి రాస్తున్నా. మీ ఇళ్లలో పెద్దవాళ్లకు పనికొస్తాయి.

మొదట గుండమ్మ కథ పాటలతో మొదలుపెట్టించండి. లయ సరదాగా ఉంటుంది, ఊపిరి తీసుకోవడానికి మధ్యలో చోటుంటుంది. తర్వాత 1964లో వచ్చిన మూగమనసులులో ఏఎన్నార్ పడవ నడిపేవాడు. ఆ పాత్రకి పాడినవి మాట్లాడినట్టే ఉంటాయి. మన పాడుతా తీయగా టీవీ ప్రోగ్రాం పేరు అందులోని పాటదే. మాయాబజార్‌లో పడవ పాట జంటగా పాడాలి. చిన్నమ్మని పిలిచి సగం అప్పజెప్తే సగం బరువు తగ్గుతుంది. మా చిన్నమ్మ మొదట సిగ్గుపడింది, ఇప్పుడు మైక్ ఇవ్వట్లేదు.

1953 నాటి దేవదాసు పాటలు అందరూ తేలిక అనుకుంటారు. తాగినవాడు పాడే పాట కదా, ఎలా పాడినా చెల్లుతుందని. సి.ఆర్. సుబ్బరామన్ గారి ఆ బాణీలు చాలా నిదానం. నిదానంగా పాడాలంటేనే ఎక్కువ ఊపిరి కావాలి. ఆ సినిమా విడుదల కాకముందే సుబ్బరామన్ గారు చనిపోయారు. ఇవి ఆరు నెలలు పాడాక ముట్టుకోండి. ఇక 1959 జయభేరి, 1961 జగదేకవీరుని కథల్లో పెండ్యాల గారు చేసిన పెద్ద పాటలు అసలు వద్దు. అవి కూర్చుని వినడానికి. ఘంటసాల తనకెంత వచ్చో చూపించింది అక్కడ.

శ్రుతి విషయం. కరోకే యాప్‌లో కీ అని ఒక బటన్ ఉంటుంది. ఒక మెట్టు దించితే ప్రతి స్వరం ఫ్రీక్వెన్సీ దాదాపు 1.06తో భాగించినట్టు. పన్నెండు మెట్లకు సగం అవుతుంది. యాభై ఏళ్ల గొంతుకి రెండు మెట్లు దించితే చరణంలో పై స్వరం దగ్గర మెడ నరాలు ఉబ్బవు. నాలుగు దించితే మాత్రం వేణువు కూడా జలుబు చేసినట్టు వినిపిస్తుంది. రెండుతో ఆపండి.

ఆ గొంతు వినలేని మనిషి

ఆ ఏడుగురిలో ఒకాయన నాకు మామ వరుస. రెండేళ్ల కింద అత్త చనిపోయింది. మన దగ్గర ఆనవాయితీ ప్రకారం ఇంటి ముందు మైకు పెట్టి ఘంటసాల భగవద్గీత వేశారు. ఆ తర్వాత ఆ గొంతు ఎక్కడ వినిపించినా మామ లేచి వెళ్లిపోయేవాడు. గుడి దగ్గర అయినా, బస్సులో అయినా. ఎందుకని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. మా దిక్కు మగవాళ్లు ఇలాంటివి మాట్లాడుకోరు.

వాకిట్లో పాటలకు మాత్రం వచ్చేవాడు, చివర్న కూర్చునేవాడు. ట్రాకులో ఘంటసాల గొంతు ఉండదు కదా. వాయిద్యాలు, పైన దోస్తుల గొంతులు, అంతే. నాలుగు నెలల తర్వాత ఒకరోజు ఆయనే నన్ను పిలిచి మంచి మనసులు సినిమాలో హంపి పాట ఉందా అని అడిగాడు. 1962 సినిమా. చూపు పోయిన భార్యని హంపి శిల్పాల మధ్యకి తీసుకెళ్లి, తను చూస్తున్నదంతా ఆమెకి పాటలో చెప్తాడు భర్త. సంగీతం కె.వి. మహదేవన్. ఫోల్డర్లో లేదు. ఆ రాత్రే చేసి పంపాను. సాహిత్యం తెలుగు అక్షరాల్లోనే టైపు చేశాను, ఎందుకంటే యాప్‌లో వచ్చే ఇంగ్లీష్ అక్షరాల తెలుగు వాళ్లెవరూ చదవలేరు.

మామ పాడాడు. తాళం రెండుచోట్ల తప్పింది, పైకి వెళ్లాల్సిన చోట కిందనే ఉండిపోయాడు. మధ్యలో ఆగలేదు. అయిపోయాక ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మా చిన్నాయిన ఛాయ్ పెట్టమని లోపలికి కేకేశాడు. అప్పటినుంచి ఆ పాట మామది. ఇంకెవరూ తీసుకోరు.

చివరి రికార్డు

ఘంటసాల ఆఖరి సంవత్సరాలు చదువుతుంటే నాకు వాకిట్లో ఉన్నవాళ్లే కనిపించారు. 1970లో పద్మశ్రీ వచ్చింది. 1971లో, అంటే ఇనోవే కోబేలో మెషీన్లు పెట్టిన ఏడాదే, అమెరికా, యూరప్ వెళ్లి అక్కడి తెలుగువాళ్లకు పాడి వచ్చారు. అప్పటికే షుగర్ ఉంది. 1972లో హైదరాబాద్ రవీంద్రభారతిలో పాడుతుండగా గుండెలో నొప్పి వచ్చి ఆసుపత్రిలో చేరారు. సొంతంగా తీసిన పరోపకారం, సొంతవూరు, భక్త రఘునాథ్ సినిమాలు డబ్బు మిగల్చలేదు. ఒక్కటి మాత్రం మారలేదు. జోలె పట్టిన రోజుల్లో చదువు చెప్పిన గురువు గారి కొడుకు పట్రాయని సంగీతరావు గారు ఆయనకు సహాయకుడిగా చివరిదాకా పక్కనే ఉన్నారు.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఆయన చేయాలనుకున్న పని భగవద్గీత. 700 శ్లోకాల్లోంచి నూటికి పైగా ఏరి, ఒక్కో శ్లోకం పాడి వెంటనే తెలుగులో అర్థం చెప్పారు. సంస్కృతం రానివాళ్లకు అందాలని. అది చావు ఇంటి రికార్డుగా చేసింది కాదు. బతికున్నవాళ్లు వినాలని, ఆరోగ్యం బాగాలేని మనిషి కష్టపడి చేసింది. అది బయటికి రావడం ఆయన చూడలేదు. 1974 ఫిబ్రవరి 11న మద్రాసులో చనిపోయారు. అల్లూరి సీతారామరాజు సినిమాలో ఆయన పాడిన పాట జనం థియేటర్లో విన్నది మే నెలలో.

అప్పటికి ఆయన వయసు 51. మా చిన్నాయినది ఇప్పుడు అదే వయసు. మనం నలుపు తెలుపులో చూసి ముసలాయన అనుకునే మనిషి అసలు ముసలితనమే చూడలేదు. నడివయసు దగ్గరే ఆగిపోయిన గొంతు అది. ఆ వయసువాళ్లు ఇంకా అందులోకి దూరి పాడుకుంటున్నారు.

ఒట్టి గొంతు ఫైళ్లు ఇరవై రెండూ నా దగ్గరే ఉన్నాయి, డిలీట్ చేయలేదు. ట్రాకులు కావాలంటే క్లబ్ గ్రూపులో సినిమా పేరు పెట్టండి. ఇంట్లో ఎవరు పాడతారో, వాళ్ల వయసెంతో కూడా రాయండి. రెండు మెట్లు దించి పంపిస్తా.